పొద్దెక్కేలోపు పొయ్యి చల్లారాలి

రండర్రా, ఇలా వచ్చి కూచోండి. కరెంటు ఇప్పట్లో వచ్చేట్టు లేదు. చిన్నోడా, ఆ నవారు మంచం వేపచెట్టు కిందకి లాగు, అక్కడ కాస్త గాలాడుతోంది. అమ్మడూ, నువ్వు దాలికి మరీ దగ్గరగా జరగకు. పైకి బూడిదే కనబడుతుంది గానీ లోపల పిడక కణకణలాడుతూనే ఉంటుంది. పొద్దున పెట్టిన పాలు ఇంకా ఆ సెగ మీదే ఉన్నాయి. మూత తీసి చూడండి, మీగడ ఎలా ఎర్రబడిందో. కాసేపాగి దించి తోడు వేస్తాను.

పొద్దున నువ్వు అడిగావు చూడు, "అమ్మమ్మా, ఎనిమిదన్నా కాలేదు, అప్పుడే వంటయిపోయిందా? మధ్యాహ్నానికి చల్లారిపోదా?" అని. అప్పుడు చేతిలో పనుండి చెప్పలేదు. చల్లారాలనేనమ్మా అంత పొద్దున్నే వండింది. మా అమ్మ ఏటా శివరాత్రి వెళ్ళిన మర్నాటి నుంచీ ఒకటే మాట అనేది: పొద్దెక్కేలోపు పొయ్యి చల్లారాలి అని. తెల్లారగట్ల మనం ఒక ఎసరు పెట్టి దించితే చాలు, ఎండాకాలంలో మిగతా వంటంతా ఎండా, కుండా, రాత్రీ కలిసి చేసిపెడతాయి అనేది.

మాది గుడివాడ వైపు పల్లెటూరు. కృష్ణ కాలవ కింద ఊరు, చుట్టూ వరిచేలు. నేను పుట్టింది 1950లో. అప్పటికి మా ఊళ్ళో పెంకుటిళ్ళు నాలుగో అయిదో, మిగతావన్నీ తాటాకిళ్ళే. మాదీ తాటాకిల్లే. ఫాల్గుణం వచ్చేసరికి ఆ తాటాకు ఎండిపోయి గలగలమంటుండేది. చైత్రం దాటాక పదింటికల్లా పడమటి గాలి లేచేది. ఆ గాలికి పొయ్యిలోంచి ఒక్క రవ్వ లేచి చూరులో పడిందంటే ఇల్లొక్కటే కాదు, వీధికి వీధే పోతుంది. నాకు ఏడేళ్ళప్పుడు మా వెనక వీధిలో అలాగే జరిగింది. పన్నెండిళ్ళు తగలబడ్డాయి. మిట్టమధ్యాహ్నం, మగవాళ్ళెవరూ ఊళ్ళో లేరు. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని చెరువుకీ ఇళ్ళకీ పరుగులు పెడుతున్నారు. ఆ చెరువులో నీళ్ళా, మోకాలి లోతు లేవు. ఆ పొగ వాసన నాకిప్పటికీ ముక్కులో ఉంది. మర్నాడు ఊళ్ళో టముకు వేశారు, పొద్దు బారెడెక్కాక ఎవరింట్లోనూ నిప్పు ఉండకూడదని. అందరూ మాట మీద నిలబడ్డారు. ఈ దాలి ఒక్కటే, అదీ ఇంటికి దూరంగా పెరట్లో గుంట తవ్వి, పైన బూడిద కప్పి, మూత వేసి ఉంచేవాళ్ళు.

అందుకని మా అమ్మ కోడి కూసే వేళకే లేచేది. రోజంతటికీ సరిపడా అన్నం, ఒక పప్పు, ఒక పులుసు, అంతే. మేము కళ్ళు నులుముకుంటూ పెరట్లోకి వచ్చేసరికి పొయ్యిలో నీళ్ళు చల్లి బొగ్గులు బయటికి తీసేస్తుండేది. మళ్ళీ రాత్రి గాలి పడ్డాక ఒక్క ఎసరు వేడన్నానికి.

పొద్దున వండింది సాయంత్రం దాకా నిలవాలంటే ఏం వండాలో చూసుకోవాలి కదా. పులుపున్నది నిలుస్తుంది. కొబ్బరి పడింది, పాలు పడింది మధ్యాహ్నానికే పాసిపోతుంది. అందుకే ఎండాకాలం ఆ ఇంట్లో మామిడికాయ పప్పు, చింతచిగురు పప్పు, దోసకాయ పప్పు, మజ్జిగపులుసు, ఇవే తిరిగి తిరిగి వచ్చేవి. మాకు ఎన్నడూ విసుగు పుట్టలేదు. దోసకాయ కోసేముందు చిన్న ముక్క నాలిక మీద పెట్టి చేదు చూడమని ఆ పని పిల్లలకే అప్పజెప్పేది. చేదు కాయ తగిలిన వాడికి బెల్లం ముక్క ఇచ్చేది, కాబట్టి మేమందరం చేదు కాయే రావాలని దేవుణ్ణి మొక్కుకునేవాళ్ళం.

చింతచిగురు మాట చెప్పాలి. మీరు సిటీలో కవర్లో కొనుక్కునే చిగురు వేరు. అది ఆకు ముదిరింది. చెట్టు కింద నిలబడి తల ఎత్తితే కొమ్మల చివర్న లేత ఎరుపు, లేత పసుపు కలిసిన రంగులో కనిపిస్తుందే, అది చిగురు. వేలితో ముట్టుకుంటే వేలికే అంటుకుంటుంది. నీడన ఓ పూట ఆరబెట్టి, రెండు అరచేతుల మధ్య వేసుకుని మెల్లగా నలపాలి. ఈనెలు చేతిలో మిగిలిపోతాయి, చిగురు పొడిపొడిగా కిందకి రాలుతుంది. కందిపప్పు ఉడికాక ఆఖర్న వేసి ఒక్క పొంగు రానిచ్చి దించాలి. ముందే వేస్తే ఆ పులుపు పట్టుకుని పప్పు బిరుసెక్కిపోతుంది, ఇక ఎంతసేపు ఉంచినా ఉడకదు. పైన వెల్లుల్లి, ఎండుమిరపకాయ పోపు. చిగురు పప్పు వండిన రోజు మా నాన్న కంచం ముందు మాట్లాడేవాడు కాదు.

ఉగాదికి వారం ముందే వేపచెట్టు కింద తెల్లటి పాత పంచె పరిచేవాళ్ళం. తెల్లారేసరికి పువ్వు రాలి ఉండేది. ఈనెలు ఏరేసి కొంత పండక్కి ఉంచుకుని, మిగిలింది ఎండబెట్టి డబ్బాలో పోసేది అమ్మ. నోరు చేదైపోయి ఏమీ సహించని రోజున ఆ పువ్వు నేతిలో వేయించి చారు పెట్టేది. ఉగాది పచ్చడి మా ఇంట్లో గ్లాసులో పోసుకుని తాగేలా పల్చగా ఉండేది కాదు. కొత్త చింతపండు చిక్కగా పిసికి, కొత్త బెల్లం తరిగి వేసి, మామిడి ముక్కలు, వేపపువ్వు, ఉప్పు, కాస్త కారం వేసి వేలితో నాక్కునేట్టు చేసేది. ఉగాదితో కలిపి తొమ్మిదో రోజు శ్రీరామనవమి. పానకం, వడపప్పు మీకూ తెలిసినవే. ఒక్కటే చెబుతాను: పానకంలో మిరియం ఘాటు గొంతులో తగలాలి. తియ్యగా ఉన్న నీళ్ళన్నీ పానకం కాదు.

ఇప్పుడు తరవాణి సంగతి. ఇది మీకెవరూ చెప్పి ఉండరు. మీ అమ్మకే సరిగా గుర్తుందో లేదో.

ఫాల్గుణంలో కుమ్మరింటి నుంచి కొత్త కుండ తెచ్చేవాళ్ళు. రెండు రోజులు నీళ్ళు పోసి ఉంచి, మట్టి వాసన పోయాక, వంటింట్లో ఈశాన్యం మూల ఇసక పోసి దాని మీద కుదురుగా పెట్టేవాళ్ళు. అన్నం వార్చిన గంజి చల్లార్చి అందులో పోసి, ఉప్పు కల్లు వేసి, రెండు దబ్బాకులు నలిపి వేసేది అమ్మ. మర్నాడు మళ్ళీ గంజి. మూడో రోజుకి కుండ మూత తీస్తే పుల్లటి వాసన వచ్చేది. పాడైన పులుపు కాదది, నోట్లో నీళ్ళూరే పులుపు. అప్పటి నుంచి రాత్రి మిగిలిన అన్నం ఆ కుండలో పడేది. ఇంత తీసిన చోట ఇంత పోస్తూ ఉంటే ఆ కుండ ఉగాది నుంచి మృగశిర కార్తె దాకా అలా నడుస్తూనే ఉండేది. అయితే మడి తప్పకూడదు, ఎంగిలి తగలకూడదు, తడి గరిటె పెట్టకూడదు. అమ్మ చేతితో తప్ప మరొక చేతితో ఆ కుండ తెరిచినవాళ్ళు లేరు.

పొద్దున్నే మమ్మల్ని అరుగు మీద వరసగా కూచోబెట్టేది. కుండలోంచి అన్నం చేత్తో తీసి, నీళ్ళు పిండకుండా అలాగే మా కంచాల్లో వేసేది. అప్పుడే చిలికిన చల్ల పోసి, ఉప్పు వేసి పిసికి, పక్కన పచ్చి ఉల్లిపాయ ఒకటి గుద్ది పెట్టేది. ఉల్లిపాయ కత్తితో కోస్తే ఆ రుచి రాదు, గుమ్మం మీద పెట్టి పిడికిలితో గుద్దాలి. మాగాయ టెంక ఎవరి కంచంలో పడితే ఆ పూట వాడు రాజు. ఆ టెంక చీకుతూ చీకుతూ మధ్యాహ్నం దాకా బుగ్గన పెట్టుకుని తిరిగేవాళ్ళం. అది తిని ఎండలో ఎంత తిరిగినా ఒళ్ళు తూలేది కాదు. చేలోకి వెళ్ళే మా నాన్న, మా పాలేరు ఇద్దరూ ఆ తేట చెరో చెంబు తాగి నాగలి పట్టేవాళ్ళు. అన్నం కన్నా ఆ తేటకే బలమనేవాళ్ళు.

ఇప్పుడు అన్నం మిగిలితే ఫ్రిజ్‌లో పెడుతున్నారు. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం చద్దన్నం కాదమ్మా. అది పులవదు, గడ్డ కట్టుకుపోతుంది. చద్దన్నం చెయ్యాలంటే రాత్రి వెచ్చదనం తగలాలి దానికి.

చల్ల మాట వచ్చింది కాబట్టి ఇదొకటి. మా ఇంట్లో రెండు గేదెలు. అమ్మ కవ్వం పట్టే చప్పుడు వినపడగానే వీధిలో పాడి లేనివాళ్ళు ముంతలు పట్టుకుని పెరటి గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. వెన్న ఇంటికి, చల్ల ఊరికి. చల్లకి డబ్బు తీసుకోవడం ఆ రోజుల్లో తప్పు. ఎండాకాలం చల్ల కోసం వచ్చినవాళ్ళని ఖాళీ ముంతతో పంపితే ఇంటికి మంచిది కాదనేది అమ్మ. ఎక్కువమంది వచ్చిన రోజు మాకు ఇంకో చెంబు నీళ్ళు కలిసేవి, అంతే.

భరణి కార్తె వచ్చిందంటే పచ్చళ్ళ హడావిడి. ఆవకాయ సంగతి అందరూ చెబుతారు. నాలుగు కొలతల ముక్కలకి ఒక కొలత కారం, ఒక కొలత ఆవపిండి, ముప్పాతిక కొలత ఉప్పు, గుప్పెడు మెంతులు, ముక్క మునిగేదాకా పప్పునూనె. ప్రతి ముక్కకీ టెంక అంటుకుని ఉండాలి. మూడో నాడు తిరగ కలిపి రుచి చూసి వాసెన కట్టాలి. దాని గొప్పతనం దానిదే. కానీ నా ప్రాణం మాగాయ మీద. ఎందుకంటే మాగాయ పని మా పిల్లలది.

మాగాయకి కాయ తొక్క తియ్యాలి. ఇప్పట్లాగా పీలర్లు ఎక్కడివి? కాలవ గట్టుకి పోయి ఆల్చిప్పలు ఏరుకొచ్చేవాళ్ళం. అరచేతిలో ఇమిడేది, దళసరిది చూసుకోవాలి. దాని గుండ్రటి వీపుని గరుకు రాయి మీద పెట్టి నీళ్ళు చిలకరిస్తూ అరగదియ్యాలి. గర్ గర్ గర్ అని ఒకటే చప్పుడు. తెల్లటి పాలలాంటి నీళ్ళు కారేవి. అరిగి అరిగి ఒకచోట సన్నటి చిల్లు పడుతుంది. ఆ చిల్లు గోరంత వెడల్పయితే ఆపెయ్యాలి, ఇంకా అరగదీస్తే చిప్ప పగులుతుంది. ఆ చిల్లు అంచు కత్తికన్నా పదును. కాయ మీద పెట్టి కిందకి లాగితే లోపలి నుంచి పచ్చటి తొక్క రిబ్బనులా చుట్టలు చుట్టుకుంటూ బయటికి వచ్చేది. కండ ఒక్క పిసరు పోదు. చేతులకి జీడి అంటి వారం రోజులు నల్లమచ్చలు. మా వీధిలో ఎవరి ఆల్చిప్ప వాళ్ళు దాచుకునేవాళ్ళం, చూరులో ఓ మూల, వచ్చే ఏటికి.

తొక్క తీసిన కాయల్ని అమ్మ పెద్ద కత్తిపీట ముందు కూచుని చెక్కలు కోసేది. ఉప్పూ పసుపూ వేసి జాడీలో మూడు రోజులు ఊరనిచ్చి, నాలుగో రోజు పిండి, ముక్కలు చాప మీద, ఊట పళ్ళెంలో, రెండూ ఎండలో పెట్టేది. సాయంత్రం మళ్ళీ ముక్కలు ఆ ఊటలోకే. ఒరుగులైన ముక్క మళ్ళీ ఊట తాగి బొద్దుగా అవుతుంది. కారం, మెంతిపిండి, ఇంగువ పోపు తర్వాత సంగతి. పొయ్యి మీద నూనె కాగిన ఆ కాసేపు తప్ప మాగాయని వండిందంతా ఎండే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారే, ఆ ఎండే. మా అమ్మ ఆ ఎండని ఎప్పుడూ తిట్టగా నేను వినలేదు.

ఒక ఏడు నేను ఆ మాగాయ జాడీ పాడుచేశాను. తొమ్మిదేళ్ళుంటాయి నాకు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక టెంక కోసం తడి చెయ్యి జాడీలో పెట్టాను. నూతి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి, తుడుచుకోకుండా పెట్టేశాను. పదిహేను రోజులకి వాసెన విప్పితే పైనంతా తెల్లటి బూజు. అమ్మ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. జాడీ ముందు చాలాసేపు అలాగే కూచుంది. పైపైన తీసేసి చూసింది, కిందదాకా పట్టేసింది. తర్వాత నన్ను పిలిచి దగ్గర కూచోబెట్టుకుని, "ఇది వానాకాలం మనింటి కూరే. శ్రావణం, భాద్రపదం చేలో పనున్నప్పుడు నేను కూర వండలేను, దీన్ని చూసుకునే ధైర్యంగా ఉంటాను" అంది. ఆ ఏడు వానల్లో ఉప్పూ మిరపకాయా నంజుకుని చల్లన్నం తిన్న రోజులున్నాయి. అప్పుడు తెలిసింది నాకు, పచ్చడి జాడీ అంటే ఏమిటో. ఇప్పటికీ జాడీ ముట్టుకునేముందు రెండుసార్లు చెయ్యి తుడుచుకుంటాను, మీరు చూశారు కదా.

వడియాల సంగతి త్వరగా చెబుతాను, పాలు దించాలి. బూడిద గుమ్మడికాయ సన్నగా తరిగి ఉప్పేసి గుడ్డలో మూటకట్టి, రాత్రంతా దాని మీద పొత్రం పెట్టేవాళ్ళు. నీళ్ళన్నీ కారిపోతాయి. ఆ కారిన నీళ్ళతోనే మినప్పప్పు గట్టిగా రుబ్బి, పచ్చిమిరపకాయలు నూరి వేసి, ముక్కలు కలిపి పాత పంచె మీద పెట్టాలి. రెండు రోజులెండాక పంచె తిరగేసి, వెనకనుంచి నీళ్ళు చిలకరిస్తే వడియం టప్పున ఊడి వస్తుంది. లాగితే విరుగుతుంది. చల్ల మిరపకాయలైతే పగలు ఎండలో, రాత్రి పుల్లటి చల్లలో, చల్లంతా ఇగిరేదాకా. కాకుల్ని తోలడానికి మాకు తలా ఓ వెదురు కర్ర ఇచ్చి కాపలా పెట్టేది. కాకి కంటే మేమే ఎక్కువ తిన్నాం ఆ పచ్చి వడియాల పిండి. ఇవన్నీ మృగశిర లోపు అటకెక్కాలి. తొలకరి చినుకు వడియం మీద పడిందంటే వాసనొచ్చేస్తుంది.

1966 వైశాఖంలో నా పెళ్ళయింది. మేనరికం. మా నాన్న అక్కగారి ఇల్లే ఇది, ఈ పల్నాడు. అప్పటికి ఇక్కడ ఎటు చూసినా నాపరాయే. ఇంటి గోడ నాపరాయి, అరుగు నాపరాయి, పైకప్పు నాపరాయి. పగలంతా తాగిన ఎండని రాత్రి తెల్లార్లూ కక్కేది. అందుకే పొయ్యి పెరట్లో, చెట్టు కింద ఉండేది. చెరువు కింద రెండు మడికట్లు తప్ప వరి లేదు. జొన్న, సజ్జ, మిరప. వరన్నం పండగ రోజున.

వచ్చిన మూడో రోజు కంచంలో జొన్నన్నం పెట్టారు. జొన్నలకి తడి చల్లి రోట్లో దంచి, పొట్టు చెరిగి, తిరగట్లో నూకలా విసిరి వండేది. పక్కన వంకాయ పచ్చిపులుసు, పొద్దుటి నిప్పుల్లో కాల్చిన వంకాయ పిసికి చింతపండు రసం, ఉల్లిపాయ ముక్కలు వేసింది. ఇంకోపక్క కొరివికారం, మాఘంలో మిరప కల్లాల మీద పండుమిరపకాయలు తెచ్చి నూరిన పచ్చడి. నాకు ముద్ద దిగలేదు. గొంతులో గరుకుగా అడ్డం పడింది. కళ్ళమ్మట నీళ్ళు కారితే కొరివికారం మీద పెట్టి తప్పించుకున్నాను.

మా అత్తయ్య చూసింది. ఏమీ అనలేదు. మర్నాడు తెల్లారకముందే లేపి పెరట్లోకి తీసుకెళ్ళింది. పొయ్యి మీద అంబలి కాగుతోంది. రాత్రి జొన్నపిండి నీళ్ళలో కలిపి ఉట్టి మీద పెట్టింది, పులిసింది. దాన్నే కాచి దించి, చల్లారబెట్టి, చల్ల పోసి, ఉల్లిపాయ గుద్ది వేసి ముంతతో నా చేతికిచ్చింది. "తాగు. నేనూ మొదటి ఏడంతా ఏడ్చినదాన్నే. ఆ ఇంట్లోంచే వచ్చాను కదా, ఆ కుండ నాకు తెలియదూ? అక్కడ గంజి పులుస్తుంది, ఇక్కడ పిండి పులుస్తుంది, అంతే తేడా" అంది. తాగాను. పిల్లలూ, కళ్ళు మూసుకుంటే అది మా అమ్మ తరవాణే. ఆ పులుపే, ఆ చల్లదనమే. నేను ఈ ఊరి మనిషినయింది ఆ పొద్దుటి నుంచే అనుకుంటాను.

మరుసటేడు, 1967లో, నాగార్జునసాగర్ కాలవలకి నీళ్ళు వదిలారు. మా పొలం దాకా పిల్లకాలవ రావడానికి ఇంకొన్నేళ్ళు పట్టిందిలే. వచ్చాక మీ తాతయ్య జొన్న చేను మడికట్టు చేశాడు. ఇంట్లో మూడు పూటలా వరన్నం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక కూలికి వెళ్ళేవాళ్ళ ఇళ్ళలోనూ తిరగలి మూలపడింది. వద్దనలేం, తెల్లన్నం కోసం ఎన్ని తరాలు మొహం వాచారో ఇక్కడి వాళ్ళకే తెలుసు. మా అత్తయ్య మాత్రం పోయే దాకా ఎండాకాలం పొద్దుటి పూట అంబలి మానలేదు. ఇప్పుడు మీ అమ్మ హైదరాబాదులో అదే జొన్నపిండి బియ్యం కంటే ఎక్కువ డబ్బు పోసి కొనుక్కుంటోంది. అత్తయ్య ఉంటే ఎంత సంతోషించేదో.

తాటిముంజల మాట అడగకు చిన్నోడా, ఎల్లుండి తెప్పిస్తానన్నాను కదా. కాయ చెక్కించి కుప్ప పోయిస్తాను, బొటనవేలు పెట్టి తీసుకుని ఎవరికి కావలసినన్ని వాళ్ళు తినండి. గ్లాసుల్లో పోసుకుని స్పూనుతో తింటే ఆ నీళ్ళు చొక్కా మీద పడే సుఖం ఉండదు.

అసలు ఇదంతా ఎందుకు చెప్పుకొచ్చానంటే, నిన్న మీరు బస్సు దిగిన రోజే, మిట్టమధ్యాహ్నం ఒంటిగంటకి మీ అమ్మ ఆ గ్యాసు పొయ్యి ముందు నిలబడి పూరీలు వత్తుతోంది. మీరు అడిగారని. ఫ్యాను వేస్తే మంట ఆరిపోతుందని ఫ్యాను కూడా ఆపేసింది. చెమట గడ్డం మీంచి పిండిలో పడకుండా భుజంతో తుడుచుకుంటోంది. నాకు కడుపు తరుక్కుపోయింది. అక్కడ మీ ఇంట్లోనూ రోజూ ఇంతేనటగా, గాలి రాని వంటింట్లో. గ్యాసు వచ్చి ఏ వేళైనా వండుకోవచ్చని వచ్చాక ఏ వేళైనా వండుతూనే ఉండాల్సి వచ్చింది.

మా అమ్మ సుఖపడిందని నేను చెప్పను. కోడికూతకి ముందే లేచిన మనిషి. కానీ ఎండాకాలంలో, పచ్చళ్ళ రోజులు తప్పిస్తే, మధ్యాహ్నం మాకు చల్లన్నాలు పెట్టేసి, తడిపిన వట్టివేళ్ళ తడిక కట్టిన గదిలో చాప వేసుకుని నడుం వాల్చేది. పొయ్యిలో నిప్పు లేదు, వండాల్సింది లేదు. ఏడాది పొడుగునా ఆ రెండు నెలలే నేను మా అమ్మ పగటిపూట నిద్రపోవడం చూశాను. కుడి చెయ్యి తలకింద పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని. నేను పక్కన కూచుని తాటాకు విసనకర్రతో విసిరేదాన్ని. ఈగ వాలితే మేలుకుంటుందేమోనని భయం నాకు.

సరే, ఇక లేవండి. పాలు దించాలి, ఆ గుడ్డ అందుకో అమ్మడూ. జాగ్రత్త, మీగడ చెదరకూడదు. రాత్రి మిగిలిన అన్నం కుండలో వేసి గంజి పోసే ఉంచాను, మీరొస్తారని నాలుగు రోజులుగా నడుపుతున్నాను ఆ కుండని. దబ్బాకు ఇప్పుడొద్దు, చిన్నోడా. చెట్టు పడుకుంది, చీకట్లో ఆకు మీద చెయ్యి వెయ్యకూడదు. అది మా పుట్టింటి చెట్టు మొక్కే, నేను కాపరానికి వచ్చినప్పుడు ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. తెల్లారగట్ల మనం ముగ్గురం వెళ్ళి రెండాకులు తుంచుకుందాం. నేను లేపితే చప్పుడు చెయ్యకుండా లేవండి. మీ అమ్మని మాత్రం లేపకండి, పడుకోనీండి.